ఇంటర్‌తో చదువు ఆపేసిన అమ్మాయిల మీద ప్రాజెక్ట్: సర్వే చేయాలా, కూర్చుని మాట్లాడాలా?

అమ్మా, నీ ప్రశ్నను ముందు నాలుగు మాటల్లో పెడతాను. ఇదే పనిలో ఉన్న మిగతా పిల్లలకూ పనికొస్తుంది. డిగ్రీ మొదటి ఏడాది అయ్యాక చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్‌కి "మా మండలంలో ఆడపిల్లలు ఇంటర్ తర్వాత చదువు ఎందుకు ఆపేస్తున్నారు" అనే విషయం తీసుకున్నావు. 42 ప్రశ్నలతో గూగుల్ ఫామ్ తయారు చేశావు. వాట్సాప్ గ్రూపుల్లో పెడితే 200 మంది దాకా నింపుతారని అనుకుంటున్నావు. సర్వే, ఇంటర్వ్యూ, పరిశీలన, ప్రయోగం అని పాఠంలో నాలుగు పద్ధతులు చెప్పారు, వాటిలో ఏది ఎక్కువ శాస్త్రీయం, 200 మంది సరిపోతారా అని అడిగావు.

నేను 26 ఏళ్లు డిగ్రీ పిల్లలకు సమాజశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరకముందు నాలుగేళ్లు సర్వేలకు ఇన్వెస్టిగేటర్‌గా ఊళ్లు తిరిగాను. పద్ధతుల గురించి నాకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఆ నాలుగేళ్లలో గడపల దగ్గర నిలబడి నేర్చుకున్నదే. మా విద్యార్థుల వయసే కాబట్టి నువ్వు అనే అంటున్నాను.

ఫామ్ ఇంకా పంపకపోతే ఆగు. నీ ప్రశ్న చదువు ఆపేసిన అమ్మాయిల గురించి. నీ ఫామ్ వెళ్లేది చదువుకుంటున్న వాళ్ల గ్రూపుల్లోకి. పెళ్లయి పక్క జిల్లాకు వెళ్లిపోయిన అమ్మాయి ఆ గ్రూపులో ఉండదు. సొంత ఫోన్ లేక అన్న ఫోన్‌లో మాట్లాడే అమ్మాయి ఉండదు. పొద్దున ఆరింటికి పత్తి తీయడానికి వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే అమ్మాయి 42 ప్రశ్నల ఫామ్ తెరిచి కూర్చోదు. నువ్వు ఎవరి గురించి తెలుసుకోవాలనుకున్నావో సరిగ్గా వాళ్లే జారిపోతారు. 200 కాదు, 2,000 ఫామ్‌లు వచ్చినా ఆ లోటు పూడదు.

ఈ పొరపాటు పెద్దపెద్దవాళ్లే చేశారు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక ఎవరికి ఓటేస్తారో అడుగుతూ దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. 23 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కేసి, అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని రాసింది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్ గెలిచాడు. పత్రిక చిరునామాలు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి. దేశం ఆర్థిక మాంద్యంలో ఉన్న రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లెవరో ఆలోచించు. పైగా పట్టుబట్టి కార్డు తిరిగి పంపేవాళ్లు వేరు, పక్కన పడేసేవాళ్లు వేరు. అదే ఎన్నికల్లో జార్జ్ గ్యాలప్ అనే సర్వే నిపుణుడు అంతకంటే ఎన్నో రెట్లు తక్కువ మందిని అడిగి, గెలిచేది ఎవరో సరిగ్గా చెప్పాడు. కాబట్టి ఎంతమందిని అడిగావన్నది తర్వాత. వాళ్లు ఎలా నీ చేతికి వచ్చారన్నది ముందు. ఏ పద్ధతి పట్టుకున్నా నువ్వు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: ఈ దారిలో వెళ్తే నాకు ఎవరు దొరకరు?

ఏది ఎక్కువ శాస్త్రీయం అన్న నీ ప్రశ్న పరీక్షల్లో తరచూ అడుగుతారు, అందుకే అందరి నోటా అదే వస్తుంది. నాలుగు పద్ధతులూ నాలుగు వేర్వేరు ప్రశ్నలకు పుట్టాయి. ఎంతమంది అని తెలియాలంటే సర్వే. ఎందుకు, ఎలా అని తెలియాలంటే ఇంటర్వ్యూ. జనం చెప్పేది కాకుండా చేసేది తెలియాలంటే పరిశీలన. ఒక్కటి మార్చి చూస్తే ఏమవుతుందో తెలియాలంటే ప్రయోగం. నీ విషయంలో 'ఎంతమంది' ఉంది, 'ఎందుకు' ఉంది. అందుకని రెండు పద్ధతులు కావాలి. మూడోది కొంచెం కలిపితే ఇంకా మంచిది.

ముందు 'ఎంతమంది' చూద్దాం. దీనికి జాబితా కావాలి. మీ మండలంలో జూనియర్ కాలేజీ ఉంటే అక్కడ అడ్మిషన్ రిజిస్టర్ ఉంటుంది. మీ కాలేజీ నుంచి లెటర్ పట్టుకెళ్లి ప్రిన్సిపాల్‌గారి అనుమతి తీసుకుని, రెండేళ్ల కిందట ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్న అమ్మాయిల పేర్లు రాసుకో. 180 మంది ఉన్నారనుకుందాం. ఒకటి నుంచి మూడు వరకు చీటీలు వేసి ఒకటి తీయి. రెండు వచ్చిందనుకో, రెండో పేరు, ఐదో పేరు, ఎనిమిదో పేరు, అలా ప్రతి మూడో పేరూ తీసుకుంటూ పోతే 60 మంది వస్తారు. దీన్నే మన పాఠ్యపుస్తకాల్లో క్రమబద్ధ ప్రతిచయనం అంటారు. ఇందులో నీ ఇష్టాయిష్టాలకు చోటు లేదు. నీ స్నేహితురాలు రావచ్చు, నువ్వెప్పుడూ చూడని తండా అమ్మాయి రావచ్చు. వచ్చిన పేరు వదలకూడదు. ఇల్లు దూరమనో, ఎండగా ఉందనో పక్క పేరుకు మారిపోతే ఇంత కష్టమూ వృథా. మూడుసార్లు వెళ్లినా దొరకకపోతే 'దొరకలేదు' అని రాసి, ఇంట్లోవాళ్లనో పొరుగువాళ్లనో అడిగి ఎందుకు దొరకలేదో పక్కన రాయి. చివరికి ఆ 'దొరకలేదు' గడే నీ ప్రాజెక్ట్‌లో అన్నిటికంటే విలువైనది కావచ్చు. ఒక్కటి గుర్తుంచుకో. ఈ జాబితాలో పదో తరగతితోనే ఆగిపోయిన వాళ్లు లేరు. నీ ప్రశ్న ఇంటర్ తర్వాత కాబట్టి పర్వాలేదు, కానీ రిపోర్టులో ఆ మాట రాయాలి.

దేశమంతా చేసే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా సూత్రం ఇదే. 2019-21లో జరిగిన ఐదో విడతలో సుమారు 6.37 లక్షల ఇళ్లకు వెళ్లారు. ముందు ఊళ్లను ఎంచుకుని, ఆ ఊళ్లో ఇళ్ల జాబితా కొత్తగా రాసుకుని, అందులోంచి 22 ఇళ్లు తీశారు. సర్వే మొదలుపెట్టే ముందు మీ జిల్లా ఫ్యాక్ట్ షీట్ నెట్‌లో దించుకుని చూడు. 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయిన వాళ్లు ఎంత శాతమో అందులో ఉంటుంది. ఆ విడతలో దేశం మొత్తానికి అది 23.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌కి 29.3. నీ విషయానికి ఈ అంకె ఎంత దగ్గరో నీకే తెలుస్తుంది. ఇతరులు అప్పటికే సేకరించినది వాడుకోవడమూ ఒక పద్ధతే. నీ పాఠంలో దానికి సగం పేజీ ఇచ్చి వదిలేసి ఉంటారు.

ఇక ప్రశ్నల సంగతి. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్తాను. నిజామాబాద్ జిల్లాలో ఒక ఊళ్లో పనిచేస్తున్నప్పుడు ఒకావిడ అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్లో చేట, చేటలో తడిపిన తునికాకు, పొగాకు, దారపు ఉండ. "మీరేం పని చేస్తారమ్మా" అని అడిగాను. "పనేముందమ్మా, ఇంట్లనే ఉంటా" అంది. అంటూనే ఆకు కత్తిరించింది, పొగాకు పోసింది, చుట్టింది, దారం కట్టింది, మూతి మడిచింది. నేను ఫారంలో 'గృహిణి' అని టిక్ పెట్టి లేచాను. రెండిళ్లు దాటాక నా సూపర్‌వైజర్ ఆ ఫారం చూసి, "ఆవిడ ముందు బీడీల కట్టలు లేవా?" అని అడిగారు. వెనక్కి వెళ్లి ఈసారి వేరేగా అడిగాను: "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏమేం చేశారో చెప్పండమ్మా." చెప్తూ పోయింది. రోజుకు ఎనిమిది వందల బీడీలు, ఆ పైన నీళ్లు, వంట, మేకలు. మొదటిసారి ఆవిడ నాకు అబద్ధం చెప్పలేదు. 'పని' అనే మాటకు ఆ ఇంట్లో ఉన్న అర్థం వేరు. మన కేంద్ర గణాంక శాఖ 2019లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో నేను రెండోసారి అడిగినట్టే, రోజంతా ఏ గంటకు ఏం చేశారని అడిగారు. అలా అడిగితేనే, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు జీతం లేని ఆ పనిలో ఉంటే, చేసే మగవాళ్లు 97 నిమిషాలే ఉంటున్నారని బయటపడింది.

ఇప్పుడు నీ ఫామ్ చూడు. 14వ ప్రశ్న: "ఆర్థిక ఇబ్బందుల వల్ల చదువు ఆపేశారా?" అలా అడిగితే అవునంటారు, అనడం తేలిక కాబట్టి. ఇబ్బంది లేని ఇల్లెక్కడుంది? 19వ ప్రశ్న: "మీ తల్లిదండ్రులు మీ చదువును, ఉద్యోగాన్ని ప్రోత్సహిస్తారా?" ఇవి రెండు ప్రశ్నలు. చదువుకోమని, ఉద్యోగం మాత్రం వద్దనే తండ్రి ఉన్న అమ్మాయి ఏం టిక్ పెట్టాలి? 'ప్రోత్సహిస్తారా' బదులు జరిగిన విషయం అడుగు. "ఇంటర్ అయ్యాక డిగ్రీ అప్లికేషన్ పెట్టారా? ఎవరు వెళ్లి పెట్టారు? ఫీజు ఎవరు కట్టారు?" అభిప్రాయం కంటే జరిగినదాన్ని జనం సులువుగా, నిజంగా చెప్తారు. 31వ ప్రశ్నలో కారణాలకు నువ్విచ్చిన ఐదు ఆప్షన్లూ నువ్వు ఇంట్లో కూర్చుని ఊహించినవి. ముందు ఐదారుగురితో మాట్లాడి, వాళ్ల నోటి నుంచి వచ్చిన మాటలనే ఆప్షన్లుగా పెట్టు. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురి దగ్గర ఆ కాగితాన్ని చదివి చూసుకో. ఎక్కడ "అంటే?" అని అడుగుతారో అక్కడ ప్రశ్న మార్చు. 42 ప్రశ్నలు 12కి దిగాలి. ఫామ్ పంపడం మానేసి నువ్వే వెళ్లి అడుగు.

'ఎందుకు' అన్నది ఇంకా కష్టం. 60 మందిలోంచి ఎనిమిది మందినో పది మందినో తీసుకుని తీరిగ్గా మాట్లాడాలి. చదువు ఆపిన వాళ్లతో పాటు, అవే పరిస్థితుల్లో ఉండి ఆపని వాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉండాలి. లేకపోతే ఆపడానికి కారణం అనుకున్నది ఆపని ఇంట్లోనూ ఉందని నీకెప్పటికీ తెలియదు.

ఒక అమ్మాయిని వాళ్ల నాన్న, మేనమామ పక్కన కూర్చుని ఉండగా నేను అడిగాను. "చదువు మీద ఇంట్రెస్ట్ లేదు మేడం" అంది తల వంచుకుని. నాన్న కూడా "దానికే ఇష్టం లేదండీ" అన్నాడు. అదే రాసుకున్నాను. బయల్దేరుతుంటే రోడ్డు దాకా దారి చూపిస్తానని ఆ అమ్మాయి వచ్చింది. చింతచెట్టు దాటాక తనంతట తనే చెప్పింది. సాయంత్రం బస్సు తీసేశారట. కాలేజీ నుంచి షేర్ ఆటోలో రావాలి. ఒకరోజు ఆటోలో జరిగిందేదో ఇంట్లో చెప్తే చదువు మాన్పించి పెళ్లి చేస్తారని, తనే ఇంట్రెస్ట్ లేదని చెప్పి మానేసిందట. "కనీసం కుట్టుమిషన్ నేర్చుకోనిస్తున్నారు మేడం" అంది. ఇంట్లో తీసుకున్న జవాబు, రోడ్డు మీద విన్న జవాబు, రెండూ నా నోట్‌బుక్‌లో పక్కపక్కనే ఉన్నాయి. ఆ రెంటినీ కలిపి చదివితేగానీ ఆ ఇల్లు అర్థం కాదు. ఇంటర్వ్యూలో ఎవరు పక్కన ఉన్నారో ప్రతిసారీ రాసుకో. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గృహహింస ప్రశ్నలు ఇంటికి ఒక్క స్త్రీనే అడుగుతారు, అదీ ఇంకెవరూ వినని చోటు దొరికితేనే. దొరకకపోతే ఆ భాగం అడగకుండా వదిలేస్తారు. జవాబు కంటే ఆవిడ భద్రత ముఖ్యం.

చెప్పేదానికీ చేసేదానికీ ఉన్న తేడా గురించి అమెరికా సమాజశాస్త్రవేత్త లాపియర్ చేసిన పని నాకు చాలా ఇష్టం. 1930 దశకం మొదట్లో ఆయన ఒక చైనీస్ జంటతో అమెరికా అంతా తిరిగాడు. అప్పట్లో అక్కడ చైనావాళ్ల మీద వ్యతిరేకత ఎక్కువ. హోటళ్లు, భోజనశాలలు కలిపి 251 చోట్లకు వెళ్తే ఒక్కచోటే కాదన్నారు. ఆర్నెల్ల తర్వాత అవే చోట్లకు "చైనీయులను రానిస్తారా?" అని ఉత్తరాలు రాస్తే, జవాబిచ్చిన వాళ్లలో 90 శాతానికి పైగా రానివ్వం అన్నారు. 1934లో ఇది అచ్చయింది. ఉత్తరానికి జవాబు రాసినవాళ్లూ, కౌంటర్ దగ్గర నిలబడి గది ఇచ్చినవాళ్లూ ఒకరేనా అన్న అనుమానం అప్పటి నుంచీ ఉంది. అది న్యాయమైన అనుమానమే. అయినా కాగితం మీద జవాబును కళ్లముందు జరిగేదానితో సరిచూసుకోవాలన్న పాఠం మిగిలింది. నువ్వు కూడా వారం రోజులు పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది దాకా మీ ఊరి బస్టాప్‌లో కూర్చో. ఎంతమంది అమ్మాయిలు వచ్చారు, ఎవరితో వచ్చారు, బస్సు ఆగకుండా వెళ్తే ఎవరు ఆటో ఎక్కారు, ఎవరు ఇంటికి తిరిగి వెళ్లారు, అన్నీ రాయి.

పరిశీలన అనగానే ఊళ్లో మకాం వేసి రాసిన పెద్దవాళ్లు గుర్తొస్తారు. మన దగ్గర దానికి మంచి చరిత్ర ఉంది. ఉస్మానియాలో పనిచేసిన మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేటను వ్యవసాయం, వైద్యం లాంటి వేర్వేరు విభాగాల వాళ్లతో కలిసి అధ్యయనం చేసి 1955లో పుస్తకంగా తెచ్చారు. అంతకు ముందే, కొమరం భీమ్ 1940లో నేలకొరిగాక, గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను ఆదిలాబాద్ పంపింది. ఆయన మార్లవాయి అనే గోండుల ఊళ్లో గుడిసె వేసుకుని ఉన్నారు. నీకు మాత్రం వీళ్లిద్దరి కంటే సమాజశాస్త్రవేత్త ఆంద్రే బేతే అనుభవం ఎక్కువ పనికొస్తుంది. 1960ల మొదట్లో తంజావూరు ప్రాంతంలో శ్రీపురం అని ఆయన పేరు పెట్టిన ఊళ్లో అగ్రహారంలోని ఒక ఇంట్లో ఉన్నారు. అక్కడ ఉండటం వల్ల దళితవాడకు తాను స్వేచ్ఛగా వెళ్లలేకపోయానని ఆయనే రాశారు. నువ్వు మీ ఊరి అమ్మాయివే అయినా ఊళ్లో నీకూ ఒక వీధి ఉంది, ఒక ఇంటిపేరు ఉంది, ఒక కులం ఉంది. కొన్ని గడపల్లో నిన్ను కూర్చోబెట్టి టీ ఇస్తారు, కొన్నిచోట్ల నిలబడే మాట్లాడతారు. కొన్ని వీధుల్లో ఇప్పటిదాకా నువ్వు అడుగే పెట్టి ఉండవు. రిజిస్టర్‌లోంచి పేర్లు తీయమన్నది అందుకే. అవి నిన్ను ఆ వీధులకు తీసుకెళ్తాయి.

ప్రయోగం నీ పనికి అవసరం లేదు. అయినా సమాజశాస్త్రంలో ప్రయోగం కుదరదని రాయకు. సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ 2007లో అచ్చువేసిన అధ్యయనంలో పత్రికల్లో వచ్చిన ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. అగ్రకులమని తెలిసే పేరు, దళితులని తెలిసే పేరు, ముస్లిం పేరు. దళిత పేరుకూ ముస్లిం పేరుకూ పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరు కంటే తక్కువని తేలింది. "మీరు కులం చూస్తారా?" అని ఏ కంపెనీని అడిగినా ఈ సంగతి బయటకు రాదు.

ఇక ఊళ్లోకి కాగితాలు పట్టుకుని వెళ్లగానే నిన్ను ఒక మాట అడుగుతారు: "ఏం పథకం వస్తుందమ్మా?" 2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు, పేరు రాయించుకోకపోతే రేషన్ కార్డు పోతుందేమోనని దూర ప్రాంతాల నుంచి పిల్లల్ని వేసుకుని, కిక్కిరిసిన బస్సుల్లో సొంతూళ్లకు వచ్చారు జనం. లెక్క అంటే జనానికి ఉత్త లెక్క కాదు, దాని వెనక బియ్యం ఉంది, పింఛన్ ఉంది. నీ కాగితం వల్ల ఏమీ రాదని మొదటే చెప్పు. అలా చెప్తే కొందరు తలుపేస్తారు, వేయనివ్వు. ఆశపెట్టి తీసుకున్న జవాబు, ఆ ఆశకు తగ్గట్టే ఉంటుంది.

అనుమతి విషయం తేలిగ్గా తీసుకోవద్దు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆదివాసీ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనం జరిగినప్పుడు, చాలా అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. ఆ తర్వాత పార్లమెంటరీ కమిటీ దీన్ని తప్పుపట్టింది. నీది టీకా వేసే పని కాకపోవచ్చు, కానీ 17 ఏళ్ల అమ్మాయి నీతో చెప్పిన మాట ఊళ్లో పొక్కితే ఆ పిల్ల జీవితం తారుమారవుతుంది. 18 నిండని వాళ్లయితే పెద్దల అనుమతి తీసుకో, ఆ అమ్మాయిని వేరేగా అడుగు. ఎక్కడైనా వద్దంటే అక్కడే ఆపేయి. జవాబుల కాగితం మీద పేరు రాయకు, నంబర్ వేయి. ఏ నంబర్ ఎవరిదో ఉన్న కాగితం నీ దగ్గరే వేరేగా ఉండాలి. రిపోర్టులో "తండా చివరింటి అమ్మాయి" అని రాస్తే పేరు రాసినట్టే. మీ గైడ్ అడిగినా చెప్పనక్కర్లేదు.

లెక్కలు వచ్చాక ఒకచోట జాగ్రత్త. బస్సు లేని ఊళ్లలో మానేసినవాళ్లు ఎక్కువ కనిపిస్తారేమో. వెంటనే బస్సే కారణమని రాయకు. ఆ ఊళ్లలోనే భూమి తక్కువ, వలస ఎక్కువ ఉండొచ్చు. ఒకే ఊళ్లో, ఒకే రకం ఇళ్లలో, బస్టాప్‌కి దగ్గరవాళ్లనూ దూరంవాళ్లనూ పోల్చి చూడు. 60 మందితో తేలింది మీ మండలం గురించి మాత్రమే రాయి, రాష్ట్రం గురించి కాదు.

విశ్వసనీయత, సప్రమాణత గురించి కూడా అడిగావు. మళ్లీ అడిగినా అదే జవాబు వస్తే విశ్వసనీయత ఉంది. నువ్వు తెలుసుకోవాలనుకున్నదే ఆ జవాబు చెప్తుంటే సప్రమాణత ఉంది. బీడీలు చుట్టే ఆవిడ పదిసార్లు అడిగినా "పనేం లేదు" అనే అంటుంది. మొదటిది నిండుగా ఉంది, రెండోది లేదు. పరీక్షలో ఈ ఉదాహరణ రాసుకో.

రోజూ ఇంటికి రాగానే, అన్నం తినకముందే ఆ రోజు డైరీ రాసేయి. తెల్లారితే సగం మాటలు పోతాయి, మిగిలిన సగం నీ మాటలైపోతాయి. వాళ్లు అన్న మాట వాళ్ల యాసలోనే రాయి. సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గర రాంపురలో ఉండి రాసుకున్న నోట్స్‌ని ఏళ్లతరబడి సరిచేసి సిద్ధం చేసుకున్నాక, 1970 ఏప్రిల్‌లో స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో నిప్పు పెడితే ఆ కాగితాలు కాలిపోయాయి. ఆ ఊరి గురించిన పుస్తకాన్ని ఆయన జ్ఞాపకాల నుంచి రాయాల్సి వచ్చింది. నువ్వు ప్రతి రాత్రి డైరీ పేజీలు ఫోన్‌లో ఫోటో తీసి మెయిల్‌లో దాచుకో. పేర్ల కాగితాన్ని మాత్రం ఫోటో తీయకు.